తొమ్మిదిన్నర అడుగుల సన్నగొట్టం

"మామా, ఎక్స్‌పాన్షన్ వాల్వు ఏది పెడితే మేలు?" అని మా అక్క కొడుకు అడిగినప్పుడు నేను ఒక గులాబీ తోటవాళ్ల చల్లగదిలో నిచ్చెన మీద ఉన్నాను. అది 2006 ఆషాఢమాసం. హోసూరు చుట్టుపక్కల గులాబీలు పెంచేవాళ్లకు కాస్త తీరిక కాలం. ఫిబ్రవరిలో పూలు విమానమెక్కే రోజుల్లో గది ఆగిపోతే కొంప మునుగుతుంది గనక, రిపేర్లన్నీ వానాకాలంలోనే చేయించుకుంటారు.

"ఏ ఫ్రిజ్జుకు రా?" అన్నాను.

"ఫ్రిజ్జుకు కాదు మామా, నా కంప్యూటరుకు."

నేను నిచ్చెన దిగి వచ్చాను. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పాలకు, పూలకు, చేపలకు, మందులకు, ఒకసారి పెళ్లివారి ఐస్‌క్రీముకు కూడా చలి పెట్టినవాణ్ణి. కంప్యూటరుకు చలి పెట్టమని అడిగినవాడు వాడొక్కడే.

వాడప్పుడు ఇంజనీరింగు చివరి సంవత్సరం. లోహంలో వేడి ఎలా పాకుతుందో కంప్యూటరు మీద లెక్కగట్టడం వాడి ప్రాజెక్టు. ఒక్కో లెక్క తెల్లవార్లూ నడిచేది. వాడి దగ్గరున్నది ఇంటెల్ పెంటియమ్ డి 805. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నాడు. దాని వేగం 2.66 గిగాహెర్ట్జ్. బోర్డు ఇచ్చే 133 మెగాహెర్ట్జ్ తాళాన్ని 20తో హెచ్చవేసుకుని ఆ వేగం తెచ్చుకుంటుంది. ఆ 133ను 200 చేస్తే 4 గిగాహెర్ట్జ్ అవుతుంది. పైసా ఖర్చు లేకుండా ఒకటిన్నర రెట్ల వేగం. ప్రపంచమంతటా కుర్రవాళ్లు అది చేసి చూపిస్తున్నారు. చిక్కల్లా వేడి. మామూలుగానే అది 95 వాట్ల వస్తువు. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా కొంచెం పెంచాలి. వేగం ఎంత రెట్టయితే వేడి అంత రెట్టు, వోల్టేజీ పెరుగుదలకు వర్గంగా మళ్లీ పెరుగుతుంది. వాడి లెక్కలో 170 వాట్ల పైమాట తేలింది. అరచేతిలో సగం లేని చోట 170 వాట్లు! మా అవ్వ చేతిలోని సోల్డరు కడ్డీ లాంటివి మూడు ఒక్కచోట పెట్టినట్టు. ఫ్యాను దాన్ని ఆర్పలేకపోయింది.

"ఇంకొంచెం మంచి ప్రాసెసరు కొనుక్కోరాదా?" అంటే, "డబ్బులుంటే నీ దగ్గరికి ఏమిటికి వస్తాను మామా?" అన్నాడు. మా బావ పోయి అప్పటికి రెండేళ్లు. నేను ఇంకేమీ అడగలేదు.

ఈ పనితో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఫ్రిజ్జులో చలి తయారు కాదు, వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయబడుతుంది, అంతే. కంప్రెసరు గ్యాసును నొక్కి వేడెక్కిస్తుంది. వెనకనున్న కండెన్సరులో అది వేడిని బయటికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఒక ఇరుకు దారి గుండా తక్కువ ఒత్తిడి ఉన్న చోటికి పడుతుంది. అక్కడ మరిగి, మరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. నీళ్లు మరగాలంటే పొయ్యి కావాలి, ఈ గ్యాసుకు మన గదిలోని గాలే పొయ్యి. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి ఈ నాలుగు అంగాలూ మారలేదు. వాటిలో మూడు కంటికి కనబడేంత పెద్దవి. నాలుగోది, ఆ ఇరుకు దారి. దానికే ఎక్స్‌పాన్షన్ వాల్వు అని పేరు. అందరికంటే చిన్నది అదే, అందరినీ నడిపేదీ అదే. ద్రవాన్ని ఎక్కువ వదిలితే మరగని ద్రవం తిరిగి కంప్రెసరులోకి పోయి దాన్ని చంపుతుంది. తక్కువ వదిలితే చల్లబడవలసిన చోటు ఎండిపోతుంది.

కనుక మావాడు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. అసలు ప్రశ్నే అది. కూల్‌డ్రింకుల అంగడిలో పెట్టే గాజుతలుపు పెట్టె ఒకటి పాత సామాన్లలో పడి ఉంటే, దాని మూడోవంతు హార్స్‌పవరు కంప్రెసరు, కండెన్సరు, ఫ్యాను వాడికిచ్చాను. గ్యాసు ఆర్-134ఎ. ప్రాసెసరు నెత్తిన కూర్చోబెట్టడానికి లోపల చుట్లు తిరిగే దారి కోసిన రాగి దిమ్మె వాడే లేతు మీద చేసుకొచ్చాడు. చూసి ముచ్చటేసింది. ఇక మిగిలింది ఆ ఇరుకు దారి.

అది నాలుగు రకాలుగా దొరుకుతుంది. అన్నిటికంటే సాదాది క్యాపిలరీ. మన బడిపుస్తకాల్లో కేశనాళిక అంటారు. వెంట్రుకంత కాకపోయినా గుండుసూది దూరేంత రంధ్రమున్న రాగి గొట్టం, కొన్ని అడుగుల పొడవు. దానికి తిప్పే మర గానీ కదిలే భాగం గానీ ఉండదు. రెండోది చేత్తో తిప్పే నీడిల్ వాల్వు. మూడోది ఒత్తిడిని ఒకే తీరున నిలిపే ఆటోమేటిక్ వాల్వు. నాలుగోది థర్మోస్టాటిక్ వాల్వు, మా భాషలో టి.ఎక్స్. వాల్వు.

నా ఓటు టి.ఎక్స్.కే. ఎందుకంటే నా జీవనమంతా దాని మీదే. దాని తీరు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. ఒక సన్నని తీగగొట్టం చివర చిన్న రాగి బల్బు ఉంటుంది. దాన్ని చల్లబడే చోటు నుంచి గ్యాసు బయటికి వచ్చే గొట్టానికి కట్టేస్తాం. అక్కడ గ్యాసు వెచ్చబడితే బల్బులోని గ్యాసు ఉబ్బి పలుచని రేకును కిందికి నొక్కుతుంది, దారి తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు, లోపలి ఒత్తిడి కలిసి రేకును పైకి తోసి దారి మూస్తాయి. మరిగే వేడి కంటే అయిదారు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా గ్యాసు బయటికి వచ్చేలా చూసుకుంటుంది. ఆ తేడాను సూపర్‌హీట్ అంటాం. 1927లో అమెరికాలో హ్యారీ థామ్సన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1933లో డెన్మార్క్‌లో మాడ్స్ క్లాసెన్ తల్లిదండ్రుల పల్లెటింట్లో కూర్చుని ఇటువంటి వాల్వులు చేయడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో పుట్టినదే ఈనాటి డాన్‌ఫాస్. పనిలో వేడి పెరిగితే తనే ఎక్కువ వదులుతుంది, తగ్గితే తనే బిగిస్తుంది. కంప్యూటరు వేడి క్షణక్షణానికి మారుతుంది గనక ఇంతకంటే తగినది ఏముంటుంది?

"నీ లెక్కలన్నీ అక్కడ పెట్టు అబ్బయ్యా. టి.ఎక్స్. వేస్తే అదే చూసుకుంటుంది," అన్నాను. గులాబీల గదిలో వాడేది ఆర్-22 గ్యాసుది, దాని బల్బు 134కు పలకదు. అందుకని బెంగళూరు పోయి కొత్తది తెచ్చాను. నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే చిన్న రంధ్రం ఉన్నదే తెచ్చాను. దాని పట్టికలో దాదాపు అర కిలోవాటుకు సరిపోతుందని ఉంది. మన పని 170 వాట్లు. కొంచెం పెద్దదైతే నష్టమేముంది, తనే మూసుకుంటుంది గదా అనుకున్నాను. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు అనుకోకూడని మాట అది.

ప్రాసెసరు మీద నేరుగా పెట్టడానికి భయపడి, ఒక రాగి ముక్కకు మూడు బొక్కలు వేసి 60 వాట్ల సోల్డరింగ్ కడ్డీల ఎలిమెంట్లు మూడు దూర్చి, దాన్నే ఉత్తుత్తి ప్రాసెసరుగా పెట్టాం. యంత్రం వేశాం. గేజి ముల్లు 25 పౌండ్ల దాకా ఎక్కింది, ఝామ్మని 5కు పడింది, మళ్లీ ఎక్కింది. ఊయల ఊగినట్టు అలా ఊగుతూనే ఉంది. వాల్వు తెరిస్తే దిమ్మె నిండి పొర్లుతుంది. ఆ చలి బల్బుకు తెలిసేసరికి ఆలస్యం. తెలిశాక గట్టిగా మూసేస్తుంది. దిమ్మె ఎండిపోతుంది. ఆ వెచ్చదనం తెలిసేసరికి మళ్లీ ఆలస్యం. మా పనిలో దీన్ని హంటింగ్ అంటారు. పెద్ద గదిలో వంద అడుగుల గొట్టముంటే ఈ తొందరపాటు అందులో కలిసిపోతుంది. గుప్పెడంత దిమ్మెలో కలిసిపోవడానికి చోటేది? చెంబులో నీళ్లు పోయడానికి కాలువ తూము తెరిచినట్టయింది నా పని.

దానికి తోడు సాయంత్రం కరెంటు పోయింది. పది నిమిషాలకు వచ్చింది. కంప్రెసరు "ఊఁ" అని మూలిగి, టక్కుమని ఆగింది. మళ్లీ మూలిగింది, మళ్లీ ఆగింది. క్యాపిలరీ ఉన్న యంత్రంలో ఆగిన కొద్ది నిమిషాలకు రెండు వైపులా ఒత్తిడి సమానమైపోతుంది. టి.ఎక్స్. వాల్వు అయితే ఆగగానే మూసుకుని ఒక పక్క ఒత్తిడిని అలాగే పట్టి ఉంచుతుంది. ఫ్రిజ్జులకు, చిన్న పెట్టెలకు చేసిన మోటారు ఆ బరువు మీద లేవలేదు. దానికి ఎక్కువ బలంతో లేచే మోటారు వేరే ఉంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. పిల్లవాడి ముందు నా వాల్వు గొప్ప చెప్పే సంబరంలో మరిచిపోయాను.

వాడు నవ్వలేదు. "అయితే మామా, నీడిల్ వాల్వు?" అన్నాడు మెల్లగా. వేశాం. గ్యాసు పొయ్యి మర తిప్పినట్టు వెంట్రుకవాసి తిప్పుతూ ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. 180 వాట్ల దగ్గర చక్కగా కుదిరింది. ఒక ఎలిమెంటు తీసేస్తే చెదిరింది. రాత్రి చలికి కండెన్సరు ఒత్తిడి తగ్గితే మళ్లీ చెదిరింది. దాని పక్కన ఒక మనిషి కాపలా ఉండాలి. ఆటోమేటిక్ వాల్వు సంగతి అసలు ఎత్తలేదు. వేడి పెరిగినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే ఆ వాల్వు బిగుసుకుంటుంది. అంటే ఆకలి పెరిగిన కొద్దీ అన్నం తగ్గించే రకం. ఐసు తయారుచేసే పెట్టెకు పనికొస్తుంది గానీ, పని ఎక్కువైనప్పుడే వేడెక్కే ప్రాసెసరుకు కాదు.

ఇక మిగిలింది క్యాపిలరీ. నేను చిన్నచూపు చూసినది.

ఇక్కడ మా మేస్త్రి గురించి చెప్పాలి. నేను 1981లో బెంగళూరు పేటలో ఆయన దగ్గర పనిలో చేరాను. తరాల కిందటే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు. ఆయన బజారులో కన్నడం, సేట్ల దగ్గర హిందీ, మా దగ్గర తెలుగు మాట్లాడేవాడు. తిట్టడానికి మూడూ వాడేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ప్రతి యంత్రానికీ ఏ నంబరు గొట్టం, ఎన్ని అడుగులు పెట్టాడో ఒక పద్దుల పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. చివరి రోజుల్లో దాన్ని నా చేతిలో పెట్టాడు. అందులో క్యాపిలరీ లెక్కలు ఒక నలభై పుటలుంటాయి. నాకు కొట్టిన పిండి గనక తీసి చూసి చాలా ఏళ్లయింది.

శ్రావణం వచ్చింది. మా పెదనాన్న మనమరాలి పెళ్లికి నేను డెంకణికోట పోతూ పుస్తకం వాడి చేతికిచ్చి, "ఇందులో సీసాల పెట్టె అని ఉంటుంది చూడు. నేను వచ్చాక మొదలుపెడదాం," అన్నాను. వాడు తలూపాడు. వాడికి తెలుగు చదవడం రాదని నాకు అప్పుడు తోచలేదు. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. మాట్లాడేవాడికి చదవడం రాదని ఎవరు అనుకుంటారు?

నేను వచ్చేదాకా వాడు ఆగలేదు. పుటలన్నీ తిప్పి, బొమ్మను బట్టి సీసాల పెట్టెను పట్టుకున్నాడు. మేస్త్రి పక్కన చిన్న సీసా బొమ్మ గీసి పెట్టుకున్నాడు మరి. దాని ఎదురుగా 36, 7 అని అంకెలున్నాయి. 36 అంటే అంగుళంలో వెయ్యింట 36 వంతుల రంధ్రం. 7 అంటే అడుగులు. మా కంప్రెసరు సీసాల పెట్టెదే గనక సరిపోతుందని అంగడికి పోయి 36 నంబరు గొట్టం ఏడడుగులు కొలిచి కోయించుకొచ్చాడు. నా కుర్రవాడొకడి చేత అతికించి, గ్యాసు నింపించి, సోల్డరింగ్ ఎలిమెంట్లు వేసి, రాత్రంతా నడిచి చూద్దామని వదిలి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను వచ్చేసరికి కంప్రెసరు నడుస్తోంది గానీ గేజిలో ముల్లు కదలడం లేదు. "రాత్రి 20 పౌండ్ల మీద నిలిచింది మామా, అంతకంటే దిగలేదు. తెల్లారి చూస్తే కంప్రెసరు నెత్తిదాకా మంచు పట్టింది. టకటకా కొట్టుకుంది. తర్వాత ఇట్లయింది," అన్నాడు. 20 పౌండ్లంటే సున్నాకు దిగువ అయిదు డిగ్రీలు. కంప్రెసరు మీద మంచంటే ద్రవం మరగకుండా తిరిగి వచ్చిందన్నమాట. ద్రవాన్ని నొక్కబోయి లోపలి రేకు విరిగింది. సీలు వేసిన డబ్బా అది, విప్పి బాగుచేసేది కాదు.

వాడి మొహం చూడలేకపోయాను. "పుస్తకంలో ఉన్నట్టే పెట్టినాను మామా," అన్నాడు. పుస్తకం తెరిచి వాడి ముందే చదివాను. అంకెల పక్కన మేస్త్రి రాసినది ఇది: "సీసాల పెట్టెకు. పాత గ్యాసుకు. ఎక్కువ చలి కావాలంటే, గ్యాసు మారితే, ఇది చెల్లదు. సన్నది తీసుకో. పొడుగు పెట్టి చూసి కొయ్యి. కొయ్యడం ఎప్పుడైనా కొయ్యచ్చు, పెంచను కాదు."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

"ఇది రాసి ఉందా ఆడ?" అన్నాడు వాడు.

"రాసి ఉండాది."

ఆ పాత గ్యాసు ఆర్-12. సీసాల పెట్టె చల్లదనం సున్నా దాపుల్లో ఉంటే చాలు, దాని పని అర కిలోవాటు. మాకు కావలసినది దానిలో మూడోవంతు పని, పదిహేను డిగ్రీలు ఎక్కువ చలి, వేరే గ్యాసు. అంకెలు నిజమే, వాటి కట్టుబాట్లు మాత్రం తెలుగులో ఉన్నాయి. ఆ ఏడాదే మా రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. మన బడుల గురించి అందరం సభలు పెట్టి బాధపడుతున్నాం. నేనూ ఒక సభలో ముందు వరుసలో కూర్చున్నవాణ్ణే. కానీ మావాడు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇంగ్లీషు బడిలో చేరి తెలుగు వదిలేశాడు. చేర్పించడానికి ఫీజు కట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఆ కంప్రెసరు చావు చట్టం మీద వేయడానికి లేదు.

ఇంకో కంప్రెసరు నేనే తెచ్చాను. ఈసారి మేస్త్రి చెప్పినట్టే చేశాం. 31 నంబరు గొట్టం పన్నెండడుగులు. గొట్టం పొడవు కంటే రంధ్రానిదే ఎక్కువ పెత్తనం. రంధ్రం కాస్త మారితే చాలు, పారే ద్రవం చాలా మారుతుంది. పొడవుతో చేసేది సన్నని సవరణ. అందుకే ముందు రంధ్రం కుదుర్చుకుని, తర్వాత పొడవు కోసుకోవాలి. కంప్రెసరు ముందు చిన్న రాగి డబ్బా ఒకటి అతికాం. ప్రాసెసరు పని లేక ఊరికే ఉన్నప్పుడు వేడి సగం కూడా ఉండదు. అప్పుడు మరగక మిగిలిన ద్రవం ఆ డబ్బాలో ఆగి, కంప్రెసరు దాకా పోదు. క్యాపిలరీకి తనంతట తాను సర్దుకునే తెలివి లేదు గనక ఆ లోటును ఇలా పూడ్చాలి. గ్యాసును కూడా చూపు అంచనాతో కాక తక్కెడలో గ్రాములు తూచి ఎక్కించాం.

పన్నెండడుగుల దగ్గర దిమ్మె ఆకలితో మాడింది. గేజి సున్నాకు దిగిపోయింది, దిమ్మె నుంచి వచ్చే గొట్టం మాత్రం వెచ్చగానే ఉంది. గ్యాసు తీసి, ఒక అడుగు కోసి, మళ్లీ అతికి, గాలంతా లాగేసి, గ్యాసు ఎక్కించి చూశాం. ఒక్కో కోతకు సగం రోజు. పదకొండు. పదింబావు. తొమ్మిదిన్నర దగ్గర ముల్లు 8 పౌండ్ల మీద వణకకుండా నిలిచింది. అంటే సున్నాకు దిగువ 16 డిగ్రీలు. దిమ్మె బయట గొట్టం అంతకంటే ఆరు డిగ్రీలు వెచ్చన. నా టి.ఎక్స్. వాల్వు బతుకంతా వెతికే సూపర్‌హీట్ అదే. కదిలే ముక్క ఒక్కటీ లేని గొట్టం దాన్ని తెచ్చి చేతిలో పెట్టింది. "ఇంకో మూడంగుళాలు కోద్దామా మామా?" అని వాడు అడిగాడు. వాడే మళ్లీ, "వద్దులే, పెంచను కాదు," అన్నాడు.

ప్రాసెసరు మీద పెట్టే ముందు చెమట సంగతి చూసుకోవాలి. వానాకాలం గాలిలో తేమ పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. సున్నాకు దిగువన ఉన్న దిమ్మె చుట్టూ ఒక్క సందున్నా బోర్డు మీద నీళ్లు కారతాయి. సాకెట్టులో కరెంటు పారని సిలికాన్ గ్రీజు నింపి, చుట్టూ గాలి దూరని నురగ రబ్బరు మూడు పొరలు వేశాం. కరెంటు పోయి వస్తే అయిదు నిమిషాలు ఆగి కంప్రెసరు లేచేలా, అది చల్లబడ్డాకే కంప్యూటరు వెలిగేలా టైమరు పెట్టాం.

నాలుగు గిగాహెర్ట్జ్ వచ్చింది. తెల్లవార్లూ నడిచే లెక్క నడిరాత్రి దాటకుండా అయిపోయింది. మా అక్క మాత్రం, "ఈ మోత ఏమి రా, ఇంట్లో పిండిమిల్లు పెట్టినట్టు!" అంది. నిజమే. 170 వాట్ల వేడి తీయడానికి కంప్రెసరు అంతకంటే ఎక్కువ కరెంటు తాగేది. ఇంకో సంగతి కూడా దాచకూడదు. మేము గొట్టాలు కోస్తున్న ఆ 2006 జూలైలోనే ఇంటెల్ కోర్ 2 డుయో విడుదలైంది. దాని వేడి 65 వాట్లే. మామూలు ఫ్యాను కిందనే మా యంత్రంతో పోటీ పడగలిగినది. వాడి ప్రాజెక్టు అయ్యేదాకా మా పిండిమిల్లు నడిచింది. తర్వాత విప్పేశాం.

ఇప్పుడు ఎవరైనా అటువంటిది చేస్తామని వచ్చి, ఏ వాల్వు మేలని అడిగితే నేను వాల్వు పేరు చెప్పను. ముందు ఎన్ని వాట్లు అని అడుగుతాను. ఎక్కువలో ఎంత, తక్కువలో ఎంత, మోటారు ఏ రకం, కరెంటు పోతుందా అని అడుగుతాను. పెద్ద పనికి, మారే పనికి, బలమైన మోటారుకు టి.ఎక్స్. వాల్వే రాజు, అందులో నా మాట మారలేదు. ఒక్క చిన్న దిమ్మెకు, ఒక్క పనికి, లేచే బలం లేని మోటారుకు క్యాపిలరీ. కొలత తెలియనప్పుడు నీడిల్ వాల్వు వేసి కొలత కనుక్కుని తీసేయవచ్చు. తెలివైన వాల్వు అయినా పని కొలతకు తగ్గదైతేనే దాని తెలివి పనికొస్తుంది.

మేస్త్రి పుస్తకంలోని అంకెల్లో సగానికి ఇప్పుడు పని లేదు. ఆర్-12 తయారీ మన దేశంలో 2008లో ఆగిపోయింది. 134 వంటి గ్యాసులను కూడా తగ్గించుకుంటూ పోవాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి, 2021లో మన దేశమూ ఆ మాటకు కట్టుబడింది. ఇళ్లకు వచ్చే కొత్త ఫ్రిజ్జుల్లో ఎక్కువగా ఐసోబ్యూటేన్ ఉంటోంది. అది మండే గ్యాసు, పాత అలవాటుతో దాని దగ్గర మంట పెడితే మనిషే మిగలడు. అంకెలు పోయినా అంకెల పక్కన రాసిన మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆ కంప్రెసరు పోయిన వారం తర్వాత మావాడు, "నువ్వు చదువు మామా, నేను ఇంగ్లీషులో రాసిపెట్టుకుంటాను," అన్నాడు. అదే సులువు. నేను ఒప్పుకోబోయి ఆగాను. "చదివి చెప్పను. నేర్పిస్తాను," అన్నాను. ఆ కార్తీకం దాకా ఆదివారాలు వాడు ఆ పుస్తకం మీదే అక్షరాలు దిద్దాడు. మేస్త్రి గొలుసు రాత చదవడం నాకే కష్టం, వాడికి మరీను. ఎవరి సాయం లేకుండా వాడు మొదట చదివిన మాట "పొడుగు".

వాడు ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. పుస్తకం నా దగ్గరే ఉంది. మొన్న ఒక లెక్క కోసం తీస్తే చివరి పుటలో, మేస్త్రి రాతకు కింద, వంకర అక్షరాలతో నాలుగు వరుసలు కనబడ్డాయి. ఎప్పుడు రాశాడో నాకు చెప్పలేదు.

"31 నం. 9½ అడుగులు. కంపూటరుకు. 134 గ్యాసు, 170 వాట్లు. వేరే దానికి ఇది చెల్లదు. మూడు సార్లు కోసినాము."

కంప్యూటరులో యకారం పోయింది. నేను దిద్దలేదు.